కారని ఎరుపు

మొన్న సాలూరు సంతలో ఉప్పు బేరమాడుతుంటే, ఒకప్పుడు మిషను బడిలో వంట చేసిన మనిషి ఎదురుపడి పంతులు పోయాడని చెప్పాడు. ఏ పంతులని నేను అడగలేదు. మా కొండల్లోకి పంతుళ్ళు చాలామందే వచ్చారు, పోయారు. పేరు చెప్పకుండా ఉత్త పంతులంటే అతనొక్కడే. గుమ్మలక్ష్మీపురం అవతల ఏదో ఊళ్ళో ఉండేవాడట. చలిజ్వరంతో పోయాడట. "ఎంత రుద్దినా సేతులు తెల్లబడలేదు బాబూ. అలాగే పెట్టెలో పెట్టేసినారు" అన్నాడు వంటమనిషి. దుఃఖం రావలసిన చోట నాకు కోపం వచ్చింది. ఉప్పు కొనకుండానే వచ్చేశాను.

ఆ చేతులు చూసినవాళ్ళు మరిచిపోరు. కుడి చెయ్యి మణికట్టు దాకా నలుపు, ఎడమ చెయ్యి పసుపు. తుప్పుపట్టిన ఇనపముక్కలు బెల్లపు నీళ్ళలో పులియబెట్టి నల్లరంగు తీసేవాడు. ఆ కుండలోకి కుడి చెయ్యే పెట్టేవాడు. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్కలు ఉడికించిన పసుపులోకి ఎడమ చెయ్యి. ఒకదాని మరక రెండోదానికి అంటకూడదని అతని పట్టుదల. మిషను గుళ్ళో కళ్ళు మూసుకుని చేతులు జోడిస్తే, ఇద్దరు మనుషులు చెరొక చెయ్యీ అతనికి ఎరువిచ్చినట్టుండేది.

పొట్టి మనిషి. సముద్రపొడ్డు పల్లెలో పుట్టి, మిషనువాళ్ళ దగ్గర చదువుకుని, మా కొండ మీది బడికి వచ్చాడు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. రంగుల మాట వస్తే మాత్రం ఆ పుస్తకం ఎక్కడో పడిపోయి, పుట్టిన ఊరి మాట బయటికొచ్చేది. దారిలో ఎవరు ఎదురైనా కుశలప్రశ్న వెయ్యడు. "ఏటి పారేసినారు ఈవేళ?" అంటాడు. పెళ్ళివారినీ అదే అడిగేవాడు, చావు ఇంటినుంచి తిరిగొస్తున్నవాళ్ళనీ అదే అడిగేవాడు. ఉల్లిపొట్టు, వక్కపీచు, చింతపిక్కల తొక్క, వాడిన బంతిపూల దండలు, అరటిదవ్వ, ఏదైనా సరే గోనెలో వేసుకుని పోయేవాడు. మా ఊరివాళ్ళు మొదట్లో అతనికి మతి చలించిందనుకున్నారు. తరువాత అలవాటుపడి, ఊడ్చిన చెత్త అతని కోసం ఒక మూల పోసి ఉంచేవారు.

ఇంకో అలవాటుంది. అది నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని, ఎదుటి మనిషి గుడ్డ అంచు పట్టుకుని రుద్దేవాడు. వేలికి రంగు అంటితే తల అడ్డంగా తిప్పి, ఏదో ఇంట్లో పాము దూరిన కబురు చెప్పినట్టు మెల్లగా, "కారతంది" అనేవాడు. మా నాన్నగారి మాసికాలు నడుస్తున్న రోజుల్లో మొదటిసారి మా లోగిలికి వచ్చి నా పైపంచె పట్టుకున్నాడు. మా ఇంట్లో మగవాళ్ళ బట్ట బయటివాళ్ళు తాకడం అనేది నేను అంతకు ముందు చూడలేదు. వదలమన్నాను. వదలకుండా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "సీమ డబ్బా రంగు బాబూ. ఒక్క వానకి మీరూ ఎర్రగా అయిపోతారు" అన్నాడు. నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు. నిజంగా నా మంచి కోరే చెబుతున్నాడు. అదే మరీ భరించలేని సంగతి.

మా ఇంటి సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడం నాకిష్టం లేదు. అరకు వైపు వెళ్ళే దారిలో కొన్ని కొండ ఊళ్ళ మీద పెత్తనం, శిస్తు వసూలు మా ఇంటివి. దాన్ని ముఠా అంటారు. పితూరీ సర్దుమణిగాక సర్కారువారు మా నాన్నగారిని పిలిపించి, తిరగబడ్డవాళ్ళకి బియ్యం ఇచ్చావన్నారు. ఆయన ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే కనీసం ఆ పేరైనా మిగిలేది. ముఠా తీసి, పోలీసులకి బియ్యం మోయించిన పక్క వీధి ఆసామికి ఇచ్చారు. దాంతోపాటు ఒక నల్లకోటు కూడా ఇచ్చారు. అతను ఎండాకాలంలో కూడా అది విప్పేవాడు కాదు. ఊళ్ళో అతనికి కోటుదొర అనే పేరు పడింది. మాకు ఇల్లు మిగిలింది, ఇంటి వెనక దొడ్డి మిగిలింది, పొద్దున చోడి అంబలి తాగి మధ్యాహ్నం అన్నం తిన్నట్టు కనిపించే విద్య మిగిలింది.

పంతులు ఆ విద్యని రోజూ పరీక్షకి పెట్టేవాడు. వారానికోసారి గోనె పట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాడు. దొరగారింట్లో పారేసేవి ఎక్కువ ఉంటాయని అతని నమ్మకం. మా ఇంట్లో ఆ రోజుల్లో ఉల్లిపాయ కోసేదే అరుదు, ఇక దానిమ్మపండు మాట అడగనే అక్కరలేదు. ఆ మాట ఊళ్ళోకి పోవడం మా అమ్మకి ఇష్టం లేదు. పనిమనిషిని అటూ ఇటూ పంపి, నాలుగిళ్ళ పొట్టు తెప్పించి, మా బుట్టలో పోసి ఉంచేది. పంతులు దాన్ని ఎత్తుకుంటూ, దొరగారింట్లో ఉల్లి బాగా వాడతారని వీధి పొడుగునా చెప్పుకుంటూ పోయేవాడు. అమ్మ లోపలినుంచి విని తృప్తిపడేది. ఒకరోజు అతను బుట్టలో చెయ్యిపెట్టి కలియబెట్టి, పొట్టు ఒకటి పైకి తీసి ఎండకి పట్టుకుని, నాతో గట్టిగా అన్నాడు. "ఇది మీ ఇంటి ఉల్లి కాదు బాబూ. ఇంత ఎర్రపొట్టు కోటుదొర ఇంట్లోనే. ఆళ్ళు సాలూరునుంచి తెప్పిస్తారు."

మా ముఠా తీసుకున్నవాడి చెత్త మా ఇంటి గౌరవం కాపాడుతోందని ఆ రోజు నాకు తెలిసింది. లోపల అమ్మ చేట చప్పుడు ఆగిపోయింది. పంతులుకి మాత్రం అది పొట్టు గురించి చెప్పిన మాట, అంతే. రంగు ఎక్కువ వస్తుందని సంతోషపడుతూ వెళ్ళిపోయాడు.

అతని ప్రయోగాలు ఏవీ కుదిరినవి కావు. ఊకనీ చింతపిక్కల అంబలినీ కలిపి అచ్చుపోసి బడికి సిరాబుడ్లు చేశాడు. మట్టిబుడ్డి పగిలితే పెంకులు నేలలో పడి ఉంటాయి, ఇవైతే పారేస్తే ఎరువైపోతాయని వాదించాడు. సిరా పోసిన పూటే మెత్తబడి పిల్లల ఒళ్ళోకి కారిపోయాయి. సిరా మంచిది కాదన్నాడు. తరువాత అదే ముద్దతో పలకలు చేశాడు. వానాకాలంలో వాటి మీద పుట్టగొడుగులు మొలిచాయి. వాటిని కూర వండుకుని తిని, పలక కూడా పంటేనని అందరికీ చెప్పాడు. మిషను గుడికి ఉల్లిపొట్టు రంగుతో తెరలు కట్టాడు. చూడ్డానికి వచ్చిన మిషను దొరసాని వానలో తడిసివచ్చి వాటికి ఆనుకుని నిలబడింది. తెల్లగౌను వెనక పసుపు దిగింది. ఆ రోజునుంచి గుడి ఆవరణలో రంగు కుండ పెట్టవద్దని మిషనువారు ఆజ్ఞ చేశారు. కొండ మీంచి పారే గెడ్డ ఒడ్డున పాక వేసుకుని అక్కడికి మార్చాడు.

ఆ దొరసాని గౌను సంగతి అతన్ని చాలాకాలం బాధపెట్టింది. తనని తిట్టినందుకు కాదు, రంగు కారినందుకు. ఆ మాట ఎవరైనా ఎత్తితే పసుపు చెయ్యి గబుక్కున వెనక్కి పెట్టుకునేవాడు.

బడి వెనక వరసగా గోతులు తవ్వి, తను చేసిన ప్రతి వస్తువు ముక్కా ఒకదానిలో పాతిపెట్టేవాడు. కొన్నాళ్ళకి తీసి, నేల ఎంత తిన్నదో చూసేవాడు. పిల్లలు వాటికి పంతులు సమాధులని పేరు పెట్టారు. "బూమి తిననిది మనకెందుకు బాబూ?" అనేది అతని మాట. అడ్డాకు విస్తరి తిన్న నేల మిల్లు గుడ్డనీ, రేకు డబ్బానీ ఏం చేసుకుంటుందని అడిగేవాడు. అడిగితే జవాబు చెప్పేదాకా కదలనిచ్చేవాడు కాదు. ఈ ఒక్క మాట కోసమే నేను అతని దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది.

మా కొండల్లో చైత్రమాసంలో విత్తనాల ముందు ఇటుకల పండుగ చేస్తారు. ఆ రోజు నేలతల్లి జాకరమ్మకి మా ఇల్లు ఎర్రచీర ఇవ్వాలి. ఆ పూట చీర రాయి మీద కప్పి ఉంచి, సాయంత్రానికి పొలం మూల మొదటి చాలులో, ఆకుదొన్నెలతో సహా పాతిపెడతారు. మళ్ళీ చైత్రానికి దిసారి, అంటే ముహూర్తం పెట్టి పూజ చేసే కొండపెద్ద, ఆ చోటు తవ్వుతాడు. మట్టి తప్ప ఏమీ ఉండకూడదు. తల్లి తిన్నదన్నమాట. ఎవరి చీర తిన్నదో ఆ ఇంటివాళ్ళే మళ్ళీ ఇస్తారు. నూలుపోగు కనబడితే తల్లి తిరిగి ఇచ్చేసినట్టు. ముఠా పోయినా ఈ హక్కు సర్కారుకి అందలేదు. పండుగ రోజు ఊరంతా మా గుమ్మానికి వచ్చి, ఇంటి పెద్దావిడగా మా అమ్మని ముందు నడిపించుకుని పొలానికి తీసుకెళ్ళేవారు. ఏడాదిలో ఆమె గడప దాటేది ఆ ఒక్క రోజే. మిగిలిన రోజులన్నీ ఆ రోజు మీద బతికేది.

ముఠా పోయిన ఏడు నాన్నగారు, మేం తగ్గలేదని చూపించడానికి, సాలూరునుంచి సరిగంచు చీర తెప్పించి ఇచ్చారు. వానాకాలంలో ఆయన పోయారు. చైత్రంలో దిసారి తవ్వితే నూలంతా మట్టయిపోయింది గాని, అంచులోని సరిగ తీగ మాత్రం మెరుస్తూ పాము లేచినట్టు పైకి లేచింది. తల్లి సగం తిని సగం ఇచ్చేసిందన్నాడు దిసారి. నేను ఆ ఏటికి తెచ్చిన అంగడి చీర పక్కన పెట్టించాడు. వానలు దిగేలోపల, నేల తినే గుడ్డ, తల్లి ఎరుపులో తెమ్మన్నాడు. అదీ వచ్చే చైత్రానికి కనబడితే హక్కు కోటుదొర ఇంటికి పోతుంది. ఇది కోటుదొర పక్కన నిలబడి ఉండగానే చెప్పాడు.

వెనక మా ఇంటికి ఎర్రరంగు అద్దిన మనిషి ఎప్పుడో పోయాడు. ఇక పంతులే. నేను గెడ్డ ఒడ్డున పాక ముందు నిలబడి సంగతి చెప్పాను. మిషను మనిషి అమ్మవారి చీర అద్దుతాడా అని నాకు అనుమానం. అతనికి అదేమీ అడ్డంకి కాలేదు. "అమ్మోరికి నాను రంగెయ్యను బాబూ. నేలకేత్తాను" అన్నాడు. అడ్డంకి మరోచోట వచ్చింది. అతను జన్మలో ఎరుపు తియ్యలేదు.

"పారేసినవాటిలో ఎరుపుండదు. ఎరుపు ఎవులూ పారెయ్యరు" అన్నాడు, చాలా విచారంగా.

ఎరుపు తొగరు చెట్టు వేరులో ఉంటుంది. చెట్టు కూల్చి వేరు తియ్యాలి. మా దొడ్లో తొగరు ఉంది, కొట్టించుకోమన్నాను. కొట్టనన్నాడు. బతికున్న దాని వేరు తియ్యడట. చెట్టు నాది, చీర నాది, నేనే కొట్టి తెచ్చి ఇస్తాను, రంగు తియ్యమన్నాను. ఆ వేరు తన కుండలోకి రాదన్నాడు. బతిమాలడం నాకు చేతకాదు, అయినా ఆ వేళ నాకు తెలిసినంతలో బతిమాలాను. అతను కుండ కలుపుతూ నా పైపంచె అంచు వైపే చూస్తున్నాడు. పెద్ద మనిషి ఇల్లు కూలిపోతుంటే గుడ్డ అంచు చూసేవాడితో ఏం మాట్లాడతాం. వచ్చేశాను. మధ్యాహ్నాలు మబ్బులు పట్టడం మొదలైంది. అమ్మ రోజూ ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నా వైపు చూసేది.

ఒకరోజు అతనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొండ మీద సర్కారు రోడ్డు వేస్తున్నారు. చెట్లు కూల్చి, మొదళ్ళు వేళ్ళతో సహా పెకలించి లోయలోకి దొర్లిస్తున్నారు. వాటిలో తొగరులున్నాయి. "పారేసినారు బాబూ, ఎరుపు పారేసినారు. బేగి రండి" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ రోడ్డు మా ముఠా నడుమనుంచి పోలీసుల కోసం వేసినది. దాని మీద కాలుపెట్టనని నేను నలుగురిలో అన్నాను. ఆ మాట చెప్పాను. పంతులు కొంచెం ఆలోచించి, "మీద కాదు గదా బాబూ, కింద" అన్నాడు.

కిందినుంచే వెళ్ళాం. బండలు పట్టుకుని, తుప్పలు పట్టుకుని, రోడ్డు దొర్లించిన మట్టిలో మోకాటిలోతు దిగి వేళ్ళు లాగాం. లావు వేరు వద్దని, సన్నవాటిలోనే రంగని అతను నన్ను కూలివాణ్ణి అదిలించినట్టు అదిలించాడు. పైన రోడ్డు మీద పని చేసేవాళ్ళు గునపాలు ఆపి చూస్తున్నారు. అందరూ ఒకప్పటి మా రైతులు. "దొర ఏటి ఏరుకుంటన్నాడు?" అని ఒకడు అడగడం, "రోడ్డు పారేసింది" అని ఇంకొకడు చెప్పడం నాకు స్పష్టంగా వినబడింది. నేను తల ఎత్తలేదు. పంతులు ఎత్తి, "మీరు కూడా ఏరండి, సూత్తారేటి?" అని వాళ్ళని కేకేశాడు. వాళ్ళు నవ్వారు.

తరువాత అతను మారిపోయాడు. నేత గుడ్డకి ఆముదం, బూడిదనీరు, పేడ పట్టించి ఎండబెట్టాడు, ఉతికి మళ్ళీ పట్టించాడు. వేరు బెరడు దంచాడు. బడి తలుపు తెరిచే ఉండేది, లోపల పిల్లలు వాళ్ళ ఇష్టం. మొదటిసారి ఎరుపులోంచి గుడ్డ తీసి ఆరేసి బొటనవేలు రుద్దాడు. వేలికి రవ్వంత ఎరుపు అంటింది. నేను చాలన్నాను. అతను ఆ వేలు చూసుకుంటూ, ఎవరో తన ముఖాన ఉమ్మినట్టు కూర్చున్నాడు. మళ్ళీ ముంచాడు. తరువాతిసారి వెళ్తే పాకలో ఇంకేవో కషాయాలు మరుగుతున్నాయి. ఎర్రగా ఉంది కదా ఇచ్చెయ్యమన్నాను. చాలదన్నాడు. కుళ్ళాల్సిన గుడ్డకి ఇంత అద్దకమెందుకని గట్టిగానే అడిగాను. "నేలకి పెట్టేది నాకు తెలీదేటి బాబూ? నా పనే అది గదా" అని కోప్పడ్డాడు. అతను నా మీద కోప్పడటం అదే మొదలు. కొండ అవతల ఉరుములు వినిపిస్తున్నాయి. నేను వెనక్కి తిరిగాను.

తొలకరి చినుకు పడుతుండగా చీర నా చేతికి ఇచ్చాడు. ఎండుమిరపకాయని వెలుతురుకి పట్టుకుంటే లోపల కనబడే ఎరుపు అది. మా ఇంట్లో వెనక వచ్చిన చీరలేవీ అలా లేవు. దిసారి చూసి తీసుకున్నాడు. రాయి మీద కప్పారు. సాయంత్రం పాతారు. పంతులు గట్టు అవతలే నిలబడ్డాడు. మిషను మనిషి గట్టు దాటకూడదు. వాళ్ళ ఆజ్ఞ, మా ఆచారం, రెండూ అదే చెబుతాయి.

ఆ ఏడాదంతా నేను ఎక్కడ కనబడినా పంతులు నన్ను పారేసినవేమిటని అడగలేదు. "నేలెలా ఉంది?" అని అడిగేవాడు. నేల తడిగా ఉంది, ఆరింది, ఎలక తవ్వింది అని చెప్పేవాణ్ణి. అది విని గంభీరంగా తలాడించేవాడు. బావమరిది ఆరోగ్యం కనుక్కున్నట్టుండేది. అమ్మ కూడా ధైర్యం తెచ్చుకుంది. నాన్నగారి కాలంలో ఆమె పండుగకి కట్టుకునే పట్టుచీర తీసి ఎండలో వేసింది.

చైత్రం వచ్చింది. ఊరంతా పొలం చుట్టూ కూడింది. పంతులు బడి మానేసి గట్టు అవతల నిలబడ్డాడు. దిసారి పలుగుతో మెల్లగా మట్టి తీస్తున్నాడు. దొన్నెల జాడ లేదు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. నేను ఊపిరి వదిలాను. అప్పుడు పలుగు ఆగింది. దిసారి వంగి, రెండు చేతులూ పెట్టి లాగాడు. మడత మడతగానే వచ్చింది. విప్పి దులిపితే మట్టి జలజలా రాలి, చీర మొత్తం తెరుచుకుంది. చెద పట్టలేదు. అంచు చిరగలేదు. పెట్టిన రోజు ఎలా ఉందో అలా ఉంది.

అందరూ నా మీంచి చూపు తిప్పుకున్నారు. కోటుదొర కూడా నా ముఖం చూడలేక కోటు గుండీలు చూసుకున్నాడు. ఆ మర్యాద నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పుడే గట్టు అవతలినుంచి ఒక కేక వినబడింది. పంతులు గట్టు దూకి, మనుషుల్ని తోసుకుంటూ, దిసారి చేతుల్లోంచి చీర లాక్కుని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. "సూడండి, సూడండి. ఏడాది వాన తాగినాది. సుక్క రంగు పోలేదు." అతని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నా వైపు తిరిగాడు. శభాష్ అంటాననుకున్నాడు. ఆ ముఖం మీద అదే ఉంది.

దిసారి పలుగు కింద పెట్టాడు. "తల్లి ఒద్దన్నాది" అని మాత్రం అన్నాడు, అదీ నాతో కాదు, నేలతో చెప్పినట్టు. కోటుదొర ఇంటినుంచి చీర తెమ్మని మనిషిని పంపాడు. జనమంతా ముందుకి, రాయి దగ్గరికి, కదిలిపోయింది. ఇంత కాలం నిలబడ్డ హక్కు పోవడానికి పెద్ద సమయం పట్టలేదు.

గొయ్యి దగ్గర మేమిద్దరమే మిగిలాం. చీర అతని భుజం మీద ఉంది. ఎందుకు కుళ్ళలేదని అడిగాను. అప్పుడు గాని ఏం జరిగిందో అతనికి ఎక్కినట్టు లేదు. గొయ్యిలోకి చూశాడు, నన్ను చూశాడు, గట్టు మీద కూలబడ్డాడు. అక్కడినుంచే చెప్పాడు. ఎరుపు వేలికి అంటిన రోజున అతనికి దొరసాని గౌను గుర్తొచ్చిందట. రంగు పట్టి ఉండటానికి కరక్కాయ కషాయంలో ముంచాడు. చాలదనిపించి తుమ్మచెక్క కషాయంలో ముంచాడు. మళ్ళీ మళ్ళీ ముంచాడు. సముద్రపొడ్డున వాళ్ళ నాన్న వలలకి అదే పట్టించేవాడు.

"వలలకెందుకు?" అన్నాను.

"కుళ్ళకుండా" అన్నాడు.

నాకు అతన్ని కొట్టాలనిపించింది. మా వంశంలో మరొకరైతే కొట్టి ఉండేవారు. భూమి తినేదే నీ పని అన్నావు కదా అని మాత్రం అడిగాను.

"అన్నాను. మీరు కుళ్ళాలని సెప్పినారు, ఇన్నాను. వల సంగతీ తెలుసు. కానీ ఎరుపు ముందర ఇయ్యేవీ నిలబడలేదు బాబూ." చీర భుజం మీంచి తీసి ఒళ్ళో పరిచాడు. "తిట్టండి. తిట్టే ముందర ఒక్కపాలి సూడండి."

చూశాను. చూడకుండా ఉండవలసింది. దాని మీద ఏ మాటా అనడానికి లేదు.

అతన్ని అక్కడే వదిలి ఇంటికి వచ్చాను. ఆ వానాకాలంలోనే మిషనువారు అతన్ని మార్చేశారు, నేను మళ్ళీ కలవలేదు. ఆ రోజు మాత్రం అమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, జాకరమ్మకి పెట్టే పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నా వెనక ఎవరూ రాకపోవడం చూసింది. ఏమైందని అడిగింది.

రంగు పోలేదని చెప్పాను.

"అంత బాగా వేశాడా?" అంది.

అవునన్నాను. పళ్ళెం అరుగు మీద పెట్టి, తలుపు వేయించమంది. డప్పులు మా వీధి మలుపు దాకా వచ్చాయి. అక్కడ కాసేపు నిలిచి, కోటుదొర ఇంటి వైపు తిరిగాయి.